పేరు నిలిచే చోటు

అత్తమ్మ నోరు విప్పక ఇది అయిదో రోజు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడు ఆగిపోయిన మాట, గురువారం పొద్దునకి కూడా మొదలుకాలేదు. వండుతుంది. నాకు టిఫిన్ డబ్బా కడుతుంది. మూత బిగించి గట్టు చివర పెట్టి, నేను చేయి చాచేలోపు పక్కకు తప్పుకుంటుంది. తిట్టినా బాగుండేది. మా సుక్కమ్మత్త తిట్టడం మొదలుపెడితే నాలుగిళ్ళ అవతల కూడా పని ఆపి వింటారు. అలాంటి మనిషి ఇప్పుడు గిన్నెను కూడా చప్పుడు కాకుండా దించుతోంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధిస్తున్నది పొద్దున అయిదు గంటలు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన అయిదేళ్ళలో ఆ వేళకి వంటింట్లోంచి అత్తమ్మ ప్రార్థన వినబడని రోజు లేదు. హాల్లో పడుకున్న మామకు నిద్ర చెడకూడదని తలుపు దగ్గరకేసి, స్టవ్ ముందు పీట వేసుకుని పైకే చేసుకునేది. నేను ఇన్నేళ్ళూ ఆ గొంతును అలారంలా వాడుకున్నాను తప్ప, ఏమంటోందో ఒక్కనాడూ చెవి పెట్టలేదు. ఇప్పుడు అయిదింటికి మెలకువ వస్తోంది. వంటింట్లో లైటు వెలుగుతోంది. మాట మాత్రం లేదు. అది నా వల్లే ఆగింది, ఇందులో ఇంకెవరికీ వాటా లేదు.

చర్చి బయట, మాతో ఆ చర్చికే వచ్చే మరియక్క అత్తమ్మకు చెప్పిందట. వాళ్ళమ్మాయి చదివే కాలేజీలోనే నేను పనిచేసే ల్యాబు. శనివారం అక్కడ ప్రదర్శన పెడితే మరియక్కా వచ్చింది. వదినె, నీ ప్రార్థన కాలేజీల మైకుల విన్న, కొడుకు కోసం ఎంత మంచిగ అడిగినవ్ అని మెచ్చుకుందట. పాపం, ఆమె నిజంగా మెచ్చుకునే అన్నది.

ప్రభుదాస్ మామ ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఏ యంత్రానికీ భయపడని ఆయన ఆ రోజు నుంచి ఇంట్లో కరెంటుతో నడిచే ప్రతి వస్తువునూ అనుమానంగా చూస్తున్నాడు. టీవీ మీద తువ్వాల కప్పాడు. తన ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తున్నాడు. అది మోగితే డబ్బా దగ్గరికి పరుగెత్తి, బియ్యం దులుపుకుని హలో అంటున్నాడు. మామూలు రోజుల్లో అయితే మా ఆయన వినోద్, నేనూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

వినోద్ షిఫ్టుకు ఆదిబట్ల వెళ్ళాలి. గడప మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటూ మళ్ళీ అడగడం మొదలుపెట్టాడు. వంటింట్లో రికార్డర్ ఎన్నాళ్ళుంది? మూడు నెలలు. ఎక్కడ పెట్టావు? ఉప్పు డబ్బా వెనక. ఎన్నింటికి మొదలయ్యేది? అయిదింటికి. ఈ మూడు జవాబులూ నిన్న కూడా చెప్పాను. ఇంకా ఏదో మిగిలి ఉందని అతనికి అనుమానం. మిగిలే ఉంది.

కాలేజీ సర్వే అని నీకు చెప్పాను కదా, నువ్వూ మామా సంతకం పెట్టారు కదా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"నాకు జెప్పి సంతకం దీస్కున్నవ్. మరి అమ్మకేమని జెప్పి వేలు వెట్టిచ్చినవ్?"

అతను లేచి నిలబడ్డాడు.

"జెప్పు మనోజ. అమ్మ లోపల్నే ఉన్నది. ఇనవడేటట్టు జెప్పు."

"రేషన్ కార్డు కేవైసీకని జెప్పిన."

వంటింట్లో నల్లా ఆగింది.

ఆ రోజు నాకు బాగా గుర్తు. అత్తమ్మ చేతికి పిండి అంటి ఉంది. కాగితమేంటని అడగలేదు. దీని మీద ఏం రాసి ఉంది బిడ్డ అనీ అడగలేదు. ఎడమ బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని, "ఏడ వెట్టాలె?" అని మాత్రం అడిగింది. నేను చోటు చూపించాను. నిజం చెబితే వద్దంటుందని తెలుసు. నెలాఖరులోగా మూడిళ్ళ నుంచి ఒప్పుకోలు కాగితాలు తెచ్చివ్వాలి, రెండే దొరికాయి. మూడోది మా ఇల్లయితే సులువు అనుకున్నాను. ఆమె తెల్లారే అక్కడ కూర్చుని ప్రార్థన చేసుకుంటుందని నాకు తెలియదా? తెలుసు. వంట మాటల కోసమే పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను, అంతే.

వినోద్ అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. గొంతు తగ్గించి, గింత చదివినవ్ అని మాత్రం అన్నాడు. సాయంత్రంలోగా అమ్మ మాట ఒక్కటి కూడా మిగలకుండా తుడిపించుకు రమ్మన్నాడు. లేకపోతే కాలేజీకి తనే వస్తానన్నాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా నేను గడప దగ్గరే నిలబడ్డాను. వెనక్కి తిరిగితే టిఫిన్ డబ్బా గట్టు చివర లేదు. ఇవాళ అత్తమ్మ నాకు డబ్బా కట్టలేదు.

*

సాగర్ రోడ్డు మీద ప్లాట్ల వెంచర్ల ఫ్లెక్సీలు దాటితే మా కాలేజీ. ఆటోలో వెళుతున్నంతసేపూ మా ల్యాబు నడిపే వైశాలి మేడమ్‌కు ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్నాను. తీరా ఆమె గదిలోకి వెళ్ళాక కూడబలుక్కున్నదేదీ పనికిరాలేదు. వేలిముద్ర అబద్ధం చెప్పి తీసుకున్నాను మేడమ్ అనేశాను.

ఆమె చేతిలో ఉన్న కప్పు కింద పెట్టింది.

మా ల్యాబులో చేసే పని వింటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. ఇళ్ళలో మాట్లాడుకునే మాటను ఉన్నదున్నట్టు యంత్రానికి వినిపిస్తాం. ఏ మాటకు ఏ అర్థమో చెప్పం. ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పం. రాసిన కాగితం ఒక్కటీ ఇవ్వం. వందల గంటల మాట విని, అదే ముక్కలు చేసుకోవాలి. ఏ ముక్క దేని పక్కన నిలుస్తుందో, ఏ ముక్క తీసి ఆ చోట ఇంకోటి పెట్టొచ్చో అదే తేల్చుకోవాలి. పుస్తకాల తెలుగు యంత్రాలకు ఇప్పటికే బాగా వచ్చు. మంచాల ఊళ్ళో మా అమ్మ మాట్లాడేదీ, ఇక్కడ మా అత్తమ్మ మాట్లాడేదీ ఎక్కడా రాసి లేదు. రాసి లేని భాషను ఒట్టిగా విని నేర్చుకోగలదా అన్నదే మా పరీక్ష.

అందుకే ల్యాబులో ఒక గట్టి నియమం ఉంది. సేకరించినవాళ్ళు వినకూడదు. ఇది ఫలానా మాట అని ఒక్క ముక్కకు మేం పేరు పెట్టినా, ఇక అది యంత్రం సొంతంగా కనిపెట్టినట్టు కాదు. నేను రికార్డర్లు పెట్టాను, తీశాను, పెట్టెల్లో దాచినట్టు కంప్యూటర్లో దాచాను. మూడిళ్ళ బతుకులు చేతుల మీదుగా పోయాయి, ఒక్కటీ వినలేదు. ఆ నియమం నాకు హాయిగా ఉండేది కూడా.

వైశాలి మేడమ్ కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మీ ఇంటి మాట ఒక్క నిమిషం కూడా వాడేదాన్ని కాదంది. నా ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదామంది. ముందు చేయాల్సింది చేద్దామని కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది.

తుడిచేయడం అనుకున్నంత సులువు కాదు. విన్న శబ్దాన్ని తీసేయొచ్చు, అది ఒక్క నిమిషం పని. కానీ దాన్ని విని యంత్రం ఇప్పటికే నేర్చుకున్నది అలా విడిగా ఉండదు. చారులో కరిగిన ఉప్పును మళ్ళీ ఏరలేం కదా. మా ఇల్లు లేకుండా మొదటి నుంచి నేర్పించాలి. ఆరు వారాల పని పోతుంది.

"పోనీ," అంది మేడమ్. "మీ అత్తగారిది అడిగి తీసుకోవాల్సింది, అడగలేదు. ఆరు వారాలు ఎక్కువేం కాదు."

ఆ మాటతో నాకు ఇంకా సిగ్గేసింది. అయితే ఆమె ఒక షరతు పెట్టింది. రేపు పొద్దున ఈ మాటలన్నీ ఇంకో ఊరి ల్యాబుకు వెళ్ళిపోతున్నాయి. అంతకుముందే, అంటే ఈ సాయంత్రం అయిదులోగా, వద్దు అని అత్తమ్మే ముద్ర వేసిన కాగితం కావాలి. ఈసారి చదివి వినిపించి వేయించు అంది. ఆ మాట అంటూ ఆమె నా ముఖం చూడలేదు.

తీసేయాల్సిన వాటిలో ఏవి మా ఇంటివో నేను సరిచూడాలి. ఆ ఒక్కసారికి నియమం పక్కన పెట్టి నాకు హెడ్‌ఫోన్లు ఇచ్చింది.

తెర మీద అన్నీ సంఖ్యలే. యంత్రం ఒకే చోట నిలిచే ముక్కలను గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో సంఖ్య ఇచ్చింది. శనివారం మైకులో వేసింది ఇరవై ఏడో గుంపు. వినోద్ అన్న ముక్క, మా ఆడబిడ్డ యాదలక్ష్మి పేరు, నా పేరు, మా ఇంటాయన అన్న ముక్క, అన్నీ అందులోనే ఉన్నాయి. మేడమ్‌కు ఈ గుంపంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. అత్తమ్మ మామ పేరు పలకదు. ఆ తరం ఆడవాళ్ళు చాలామంది పలకరు. మా ఇంటాయన అంటుంది. వినడానికి వినోద్‌కూ దానికీ పోలికే లేదు. అయినా ఎవరూ చెప్పకుండా యంత్రం ఆ రెండింటినీ ఒక గూటిలో పెట్టింది. తండ్రీ అన్న తర్వాత, కాపాడమని అడిగే కాయి అన్న మాటకు ముందు, వినోద్ ఎక్కడ నిలుస్తాడో ఇంటాయనా అక్కడే నిలుస్తాడు. అందుకని ఇద్దరూ ఒక జాతే అని తేల్చుకుంది.

ఆ గుంపు చివర ఇంకొక ముక్క ఉంది. పక్కన మేడమ్ పెట్టిన పసుపు గుర్తు.

"ఇది ఎవరో తెలియలేదు. మీ ఇంట్లోవాళ్ళ పట్టీలో లేరు. అందుకే ప్రదర్శనలో వేయలేదు," అంది. "ఎనభై ఎనిమిది సార్లు వచ్చింది. ప్రతిసారీ నీ పేరు తర్వాతే."

నేను నొక్కాను.

ముందు పీట జరిగిన చప్పుడు. స్టవ్ మీద ఏదో సన్నగా మరుగుతోంది. తర్వాత అత్తమ్మ గొంతు, అయిదు రోజులుగా నేను వినని గొంతు. తండ్రీ, మనోజను కాయి. ఆ పిల్ల మనసు నిమ్మళం జెయ్యి. తండ్రీ, సుసన్నను నీ ఒళ్ళె వెట్టుకో. తల్లికి దాని మొఖం జూపియ్యలే నేను. నన్ను క్షమించు.

ఇంకోటి నొక్కాను. ఇంకో రోజు పొద్దున, అదే మాట. ఇంకోటి. అందులో దగ్గు కూడా ఉంది. చలికాలంలో పది రోజులు జ్వరంతో ఉన్నప్పుడు కూడా ఆమె లేచి కూర్చుంది.

మూడేళ్ళ కిందట ఏడో నెలలో నాకు ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. నేను మత్తులో ఉన్నాను. కళ్ళు తెరిచేసరికి దవాఖాన మంచం పక్కన అత్తమ్మ ఒక్కతే ఉంది. బిడ్డేది అన్నాను. ఒద్దు బిడ్డ, జూడకు అని ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఈమె మనిషి కాదు, బండ అని ఆ రోజే అనుకున్నాను. మా అమ్మతో అన్నాను. ఎన్నోసార్లు అన్నాను. ఇంటికొచ్చాక, ఆ మాట ఈ ఇంట్లో ఇంకెవ్వరూ ఎత్తొద్దని వినోద్‌తో తెగేసి చెప్పాను. ఎవరూ ఎత్తలేదు. వీళ్ళు మరిచిపోయారని దానికీ కోపం పెంచుకున్నాను.

నా బిడ్డకు ఒక పేరుంది. ఆ సంగతి నాకంటే ముందు యంత్రానికి తెలిసింది.

మేడమ్ మంచినీళ్ళు తేవడానికి లేచింది. ఆమె తిరిగొచ్చేలోపు నేను చేసిన పని కూడా ఇక్కడ చెప్పాలి. ఆ ఎనభై ఎనిమిది ముక్కలనూ నా ఫోనులోకి వేసుకున్నాను. సాయంత్రం ఇవన్నీ పోతాయి, ఆ పేరు ఇంకెక్కడా ఉండదు అన్నదొక్కటే తలలో ఉంది. ఎవర్నీ అడగలేదు.

*

ఇల్లు చేరేసరికి మూడున్నర. మామ హాల్లో కునుకు తీస్తున్నాడు. అత్తమ్మ వెనక రేకుల కింద చాప పరుచుకుని చింతపండు గింజ తీస్తోంది. రాయి మీద పెట్టి ఒక్క దెబ్బ, గింజ ఒక వైపు, పండు ఒక వైపు. నన్ను చూసినా దెబ్బ తప్పలేదు.

ఎదురుగా కూర్చున్నాను. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను. కాగితం విప్పి మాట మాటా చదివాను. ఈ కాగితం మీద నా ఇంటి మాట వాడొద్దు, ఉన్నది తీసేయండి అని రాసి ఉందని చెప్పాను. అప్పటి కాగితం రేషన్ కార్డుది కాదని, వద్దంటావని తెలిసే అబద్ధం చెప్పానని చెప్పాను. నీ ప్రార్థన రికార్డవుతుందని కూడా తెలుసు అన్నాను. ఒక్కొక్కటీ చెబుతుంటే రాయి దెబ్బలు ఒకే తీరుగా పడుతున్నాయి. ఆమె వింటోందో లేదో తెలియలేదు.

"అత్తమ్మ, సుసన్న పేరు విన్న," అన్నాను.

రాయి ఆగింది.

గింజ మీద ఒక ఈగ వాలి, లేచి, మళ్ళీ వాలింది.

"ఎవరు జెప్పిండ్రు?"

అయిదు రోజుల తర్వాత వచ్చిన మాట. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎవ్వరు జెప్పలే. ఆ యంత్రమే పట్టింది. నా పేరెనక నిలవడ్తున్నదని."

"దానికెట్ల ఎరుక?"

"దానికేం ఎరుక లేదు అత్తమ్మ. పిల్లనా పెద్దనా, ఉన్నదా పోయిందా, ఏం దెల్వదు. వినోద్ పేరు ఏడొస్తదో, యాదలక్ష్మి పేరు ఏడొస్తదో, గదే జాగల ఈ పేరొస్తున్నది. అయితే ఈమె గూడ వీళ్ళ ఇంటి మనిషే అని లెక్కేసుకున్నది."

అత్తమ్మ ఆ మాట కొంచెంసేపు మనసులో తిప్పుకుంది. యంత్రం మీద కోపం రాలేదు ఆమెకు. తల కూడా ఊపింది, సరైన లెక్కే అన్నట్టు.

"మూణ్ణెల్లకు గదానికి దొరికింది," అంది. "మూడేండ్ల సంది నువ్వు గా తలుపు అవతల్నే పండుకున్నవ్. నీకినవడలే."

అందులో కోపం లేదు. ఉంటే కొంత మోయగలిగేదాన్ని. ఏడ్చాను. ఆమె నన్ను ఆపలేదు, దగ్గరికీ తీసుకోలేదు. ఏడవడం అయ్యేదాకా చాప అంచు సరిచేస్తూ కూర్చుంది.

తర్వాత తనే చెప్పింది. నువ్వు ఆ మాట ఎత్తొద్దన్నావు, నీ ముఖం మీద ఎత్తలేదు, తండ్రి ముందు ఎత్తుకున్నాను అంది. అక్కడా ఒక ఇబ్బంది వచ్చిందట. కొడుకు కోసమైతే కొడుకు పేరు, కూతురి కోసమైతే కూతురి పేరు. ఈ పిల్ల కోసం ఏమని అడగాలి?

"పేరు లేకుంట ఎట్ల అడుగుతరు? గా జాగల ఏదన్న ఒక పేరుండాలె గద. మా అమ్మ పేరు వెట్టిన."

నర్సు బట్టలో చుట్టి తెచ్చిందట. తల్లికి చూపించమంటారా అని అడిగిందట. వద్దన్నది అత్తమ్మే. చూస్తే మరువదు, మరువకపోతే బతకదు అనుకున్నాను అంది. ఇంటికొచ్చిన నాలుగో రోజు నేను గోడకేసి తల కొట్టుకుంటుంటే తలుపు సందులోంచి చూసి, తప్పు చేశానని అప్పుడు తెలిసిందట. చెబుదామంటే నేను నోరెత్తనివ్వలేదు. నేను బండ అనుకున్న మనిషి మూడేళ్ళుగా రోజూ నా కోసమే క్షమించమని అడుగుతోంది. అడగాల్సిన నన్ను వదిలేసి దేవుణ్ణి అడుగుతోంది, ఎందుకంటే దేవుడు కనీసం వింటాడు.

"ఎట్లుండె?" అని అడిగాను.

"నీ లెక్కనే. గదుమ మీద గింత సొట్ట." చింతపండు అంటిన వేలితో తన గడ్డం మీద చోటు చూపించింది. "ఎంటికలు మస్తుండె."

మూడేళ్ళుగా నాకు తెలియని రెండు సంగతులు. గడ్డం మీద సొట్ట, ఒత్తుగా జుట్టు. నాకు ఇంకా అడగాలని ఉంది. కళ్ళు మూసుకుని ఉందా, చేతులు ఎలా ఉన్నాయి, ఎక్కడ పెట్టారు. నాలుగు దాటింది. ఆమే కాగితం వైపు చూసింది.

"గీ దాని మీద వేలు వెడ్తే అంత పోతదా?"

"పోతది."

"నా ప్రార్థన?"

"పోతది."

"సుసన్న?"

"గది గూడ పోతది అత్తమ్మ."

ఆమె రాయి పక్కకు జరిపింది. నాకూ తండ్రికీ మధ్య ఉన్న మాట నలుగురి చెవుల్లో ఉండొద్దు అంది చివరికి. దాచుకున్న మాట దాచుకున్నట్టే ఉండాలంది. ఆపైన నా ముఖంలోకి చూసింది. అయిదు రోజుల్లో మొదటిసారి నేరుగా చూసింది.

"ఏడ గూడ మిగలదు గద?"

ఫోను నా ఒళ్ళోనే ఉంది. ఇప్పుడే చెప్పాలి. ఇంత చెప్పినదాన్ని ఇంకొక్కటి చెప్పడం ఎంతసేపు? నోటిదాకా వచ్చింది కూడా. చెబితే తీసేయమంటుంది. తీసేయక తప్పదు. గడ్డం మీద సొట్ట ఉన్న నా పిల్లను నేను ఇంకోసారి పోగొట్టుకోవాలి.

"మిగలదు," అన్నాను.

ఆమె నమ్మింది. ఎడమ బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుంది.

"ఏడ వెట్టాలె?"

చోటు చూపించాను. సిరా డబ్బా మీద అద్ది, కాగితం మీద నిదానంగా నొక్కి తీసింది. చింతపండు జిగురు ఇంకా ఉందేమో, ముద్ర పక్కన చిన్న మరక పడింది. పాడైందా అని అడిగింది. పాడవలేదని చెప్పాను.

నేను లేస్తుంటే మళ్ళీ రాయి అందుకుంది. ఒక గింజ కొట్టి, తల ఎత్తకుండానే అంది.

"రేపు అయిదింటికి లే. తలుపు అవతల ఉండకు, లోపలికి రా. ఇద్దరం గల్సి జేద్దాం. దాని పేరు నువ్వే వలుకు."

సరే అత్తమ్మ అన్నాను. కాగితం మడిచి, ఫోనున్న సంచిలోనే పెట్టుకుని, అయిదు కాకముందే చేరాలని ఆటో ఎక్కాను.